పదిహేను నిమిషాల తీర్పు

పెరాక్ రాష్ట్రంలో హుతాన్ మెలింతాంగ్ దాటి బగాన్ దాతుక్ వైపు పోయే దారిలో సుంగై సుమున్ వస్తుంది. రోడ్డుకు అటూ ఇటూ పామాయిలు, కొబ్బరి తోటలు. తోటల్లో పని కోసం ఒకప్పుడు ఉత్తరాంధ్ర నుంచీ గోదావరి తీరం నుంచీ ఓడలెక్కి వచ్చిన తెలుగువాళ్ళ మనవలు, మునిమనవలు ఈ చుట్టుపక్కల ఇంకా ఉన్నారు. అలాంటి ఒక ఇంటి వసారాలో, తె తారిక్ గ్లాసులు ముందు పెట్టుకుని, ఇద్దరు వాదించుకున్న వాదం ఇది. మావయ్య తోట ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. మేనకోడలు బడిలో లెక్కల టీచరు, సాయంత్రాలు పిల్లలకు చదరంగం నేర్పుతుంది. ముందురోజు ఆమె శిష్యురాలు, ఆరో తరగతి పిల్ల, రేటింగులో తనకన్నా చాలా పైనున్న కుర్రాణ్ణి ర్యాపిడ్ ఆటలో ఓడించింది. జిల్లా పోటీకి ఒకే ఒక చోటు మిగిలి ఉంది.

మేనకోడలు: ఆ పిల్ల గెలిచినందుకు నాకూ సంతోషమే మావయ్యా. నేను నేర్పిన పిల్లే కదా. కానీ ఒక్క ఆట గెలిచిందని ఆమెను పంపేస్తే, ఇన్నాళ్ళూ టోర్నమెంట్లు తిరిగి రేటింగు తెచ్చుకున్న ఆ అబ్బాయికి ఏం చెప్పను? వాడిది 1600, ఈ పిల్లది 1450.

మావయ్య: చెప్పాల్సింది ఆ పిల్ల బోర్డు మీద చెప్పేసింది కదమ్మా. మళ్ళీ నువ్వు చెప్పేదేముంది?

మేనకోడలు: బోర్డు చెప్పలేదు, గడియారం చెప్పింది. అప్పటికి వాడికి ఒక బంటు ఎక్కువుంది, స్థితీ బాగుంది. టైము అయిపోతోందన్న కంగారులో ఏనుగును తీసుకెళ్ళి గుర్రం నోట్లో పెట్టాడు. గంట సమయమిస్తే వాడా తప్పు చెయ్యడు.

మావయ్య: గడియారం లేచి వచ్చి ఏనుగును జరపలేదు కదా. జరిపింది వాడి చెయ్యే. ఆ పిల్లకు మాత్రం టైము ఎక్కువిచ్చారా? ఇద్దరికీ అదే పదిహేను నిమిషాలు.

మేనకోడలు: ఈ మాట మీరంటున్నారా? బతూమిలో హంపి ఓడిన రోజు రాత్రి అన్నం కూడా ముట్టలేదట కదా మీరు. అత్త చెప్పింది.

మావయ్య: ముట్టలేదు. ముద్ద దిగలేదు. అయినా ఆ రాత్రి కూడా దివ్య గెలుపు చెల్లదని మాత్రం అనలేదు. కావాలంటే మీ అత్తనే అడుగు.

ఇక్కడ వాదం బడి వదిలేసి జార్జియాకు వెళ్ళిపోయింది. ఆ సంగతి తెలియని పాఠకుల కోసం నాలుగు మాటలు చెప్పాలి. 2025 జులైలో బతూమిలో మహిళల ప్రపంచకప్ జరిగింది. ఫైనల్లో ఇద్దరూ భారతీయులే. గుడివాడలో పుట్టి, విజయవాడను సొంత ఊరు చేసుకున్న కోనేరు హంపికి 38 ఏళ్ళు, రేటింగు 2543. నాగపూర్ అమ్మాయి దివ్య దేశ్‌ముఖ్‌కు 19 ఏళ్ళు, రేటింగు 2463. హంపి నాలుగో సీడు, దివ్య పదిహేనో సీడు. రెండు క్లాసికల్ ఆటలూ డ్రా అయ్యాయి. జులై 28న ర్యాపిడ్ టైబ్రేక్ పెట్టారు: ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలు, ఎత్తుకు పది సెకన్ల చొప్పున అదనం. మొదటి ర్యాపిడ్ కూడా డ్రా. రెండో దాంట్లో తెల్లపావులు హంపివి. నల్లపావులతో దివ్య గెలిచింది. దివ్య ఏడుస్తూ వెళ్ళి తల్లిని కౌగిలించుకున్న దృశ్యం చాలామంది చూసే ఉంటారు. 2002లో పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టరై, అంతకుముందు జూడిత్ పోల్గార్ పేరున ఉన్న రికార్డును తిరగరాసిన ఆటగత్తెను, అప్పటికి ఒక్క గ్రాండ్‌మాస్టర్ నార్మ్ కూడా లేని అమ్మాయి ఓడించింది. ఆ కప్పుతోనే నేరుగా గ్రాండ్‌మాస్టరైంది.

మేనకోడలు: లెక్క చూడండి. ఎనభై పాయింట్ల తేడా అంటే ఏమిటి? ఎలో సూత్రం ప్రకారం హంపికి రావలసింది 61 శాతం, దివ్యకు 39. వంద ఆటలు ఆడితే హంపికి 61 పాయింట్లు రావాలి. ఆ వందలో ఒక్క ఆట పట్టుకుని ఈమే గొప్పదని తేల్చేస్తే అది తీర్పు ఎలా అవుతుంది? మన పిల్లల విషయమూ అంతే. 150 పాయింట్ల తేడా అంటే అబ్బాయికి 70, పిల్లకు 30. ఆ ముప్ఫైలో ఒకటి నిన్న పడింది.

మావయ్య: ముప్ఫై అంటే తక్కువేం కాదు తల్లీ. మూడుసార్లు కూర్చుంటే ఒకసారి పడే మాట అది. అయినా నీ లెక్క వంద ఆటలకు. వంద ఆటలు ఎవరాడించారు? నువ్వు ఆడిస్తావా?

మేనకోడలు: వంద ఆడించలేం కాబట్టే రేటింగు పెట్టుకున్నాం. అప్పటిదాకా ఆడినవన్నీ అందులో ఉంటాయి. ఒక సాయంత్రం ఎవరి చెయ్యి వణికిందో దాంతో దానికి పనిలేదు.

మావయ్య: తోటలో ముప్ఫై ఏళ్ళు దిగుబడి పుస్తకం రాశాను నేను. ఏ బ్లాకులో నిరుడు ఎన్ని టన్నుల గెలలు దిగాయో అందులో ఉంటుంది. ఆ పుస్తకం అబద్ధం చెప్పదు. కానీ ఇవాళ ఏ చెట్టుకు గెల పండిందో చెప్పదు. దానికి కొడవలి పట్టుకుని చెట్టు కిందకు వెళ్ళాల్సిందే. నీ రేటింగు ఆ పుస్తకం.

మేనకోడలు: పుస్తకం లేకుండా తోట నడుస్తుందా మరి?

మావయ్య: నడవదు. కానీ పుస్తకంలో లేదని పండిన గెలను చెట్టునే వదిలేస్తే దొర ఊరుకోడు. పిల్లల విషయంలో మీ పుస్తకం మరీ వెనకబడి ఉంటుంది. ఆ సంగతి నాకన్నా నీకే బాగా తెలుసు. 2024 మార్చిలో ఫిడే వాళ్ళు ఏం చేశారు?

ఇది మావయ్య పట్టిన గట్టి పట్టు. మేనకోడలు వెంటనే జవాబివ్వలేదు. 2024 మార్చి 1న అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే 2000 లోపు రేటింగులన్నిటినీ ఒక్కసారిగా పెంచింది. రేటింగు 2000కు ఎంత తక్కువో చూసి, ఆ తేడాలో నలభై శాతం కలిపింది. 1500 ఉన్నవాడు రాత్రికి రాత్రి 1700 అయ్యాడు, 1200 ఉన్నవాడు 1520. అట్టడుగు గీతను 1000 నుంచి 1400కు జరిపింది. వేగంగా ఎదిగే పిల్లలు తక్కువ రేటింగుతో బరిలోకి దిగి, పెద్దల పాయింట్లు లాక్కుని, మళ్ళీ తమలాంటి పిల్లల చేతుల్లోనే పోగొట్టుకోవడంతో కింది అంకెలన్నీ అసలు బలం కన్నా దిగిపోయాయని సమాఖ్యే ఒప్పుకున్నట్టు అయింది. ఆర్పాడ్ ఎలో అనే భౌతికశాస్త్ర ఆచార్యుడు కట్టిన ఈ పద్ధతిని ఫిడే 1970లో స్వీకరించింది. ఆయన సూత్రంలో దోషం లేదు. మనిషి ఆట నిలకడగా ఉంటే అంకె ఆ మనిషిని చేరుకుంటుంది. పదకొండేళ్ళ పిల్ల ఆట నిలకడగా ఎక్కడుంటుంది? ఆర్నెల్లలో వేరే మనిషైపోతుంది.

మేనకోడలు: సరే, పిల్లల రేటింగు వెనకబడుతుంది. అందుకే క్లాసికల్లో వాళ్ళకు లెక్కగుణకం నలభై పెట్టారు, పైవాళ్ళకు పది. త్వరగా ఎక్కాలనే.

మావయ్య: ఎక్కాలంటే ఆడాలి కదా. ఎక్కడ ఆడుతుంది? రేటింగు టోర్నమెంటు అంటే ఈపో వెళ్ళాలి, లేదా కౌలాలంపూర్ వెళ్ళాలి. బస్సు ఖర్చు, ఎంట్రీ ఫీజు, రాత్రి ఉండడానికి గది, తోడు వెళ్ళిన అమ్మకో నాన్నకో రెండు రోజుల కూలి. ఆ అబ్బాయి వాళ్ళ నాన్నకు కారుంది, వాడు వెళ్ళాడు. ఈ పిల్లను ఎవరు తీసుకెళ్ళారు? 1450 అన్న అంకెలో ఆట సగమైతే బస్సు చార్జీ సగం.

మేనకోడలు: ఆ మాట నేను ఒప్పుకుంటాను మావయ్యా. నిజంగా ఒప్పుకుంటాను. కానీ దానికి మందు ఆ పిల్లను టోర్నమెంట్లకు పంపడం. ఒక్క ర్యాపిడ్ ఆటను తీర్పు చేసి కూర్చోబెట్టడం కాదు. వేగం పెరిగితే తప్పులు పెరుగుతాయి. తప్పులు పెరిగితే బలహీనుడికి అవకాశం పెరుగుతుంది. అది లెక్క.

మావయ్య: అదీ పూర్తి లెక్క కాదు. 2018లో లండన్లో కార్ల్‌సన్, కరువానా పన్నెండు క్లాసికల్ ఆటలాడారు. పన్నెండూ డ్రా. రేటింగులో మూడే మూడు పాయింట్ల తేడా వాళ్ళిద్దరికీ. ర్యాపిడ్‌కు దిగారు, కార్ల్‌సన్ వరుసగా మూడు గెలిచాడు. నీ లెక్క ప్రకారం వేగం పెరిగితే ఇద్దరూ ఇంకా దగ్గరవ్వాలి కదా? క్లాసికల్లో కనపడని తేడా అక్కడ బయటపడింది. ఎక్కువ టైము ఇస్తే డ్రాలూ ఎక్కువే. బలవంతుడు కూడా ఆ డ్రాల్లో ఇరుక్కుంటాడు.

మేనకోడలు: కార్ల్‌సన్ ఒక్కడి కథ తీసుకొచ్చి సూత్రం కట్టకండి. 2023లో అస్తానాలో ఏమైంది? పధ్నాలుగు ఆటల తర్వాత ఏడు ఏడు. ర్యాపిడ్లో మూడు డ్రాలు, నాలుగో ఆటలో డింగ్ లిరెన్ నల్లపావులతో గెలిచి ప్రపంచ విజేత అయ్యాడు. రేటింగులో నెపోమ్నియాషీ 2795, డింగ్ 2788.

మావయ్య: అయితే డింగ్ ప్రపంచ విజేత కాదంటావా?

మేనకోడలు: ఎందుకు కాడు? పధ్నాలుగు ఆటల్లో సమానంగా నిలబడ్డాడు. వెనక పడ్డ ప్రతిసారీ లేచాడు. ర్యాపిడ్ దాని మీద చివరి ముడి. బతూమి ఫైనల్లో ఉన్నవి రెండే క్లాసికల్ ఆటలు. ఆ రెండూ డ్రా కాగానే గడియారం చేతికి అప్పగించేశారు.

మావయ్య: ఆ గడియారమే హంపిని ఫైనల్‌కు తెచ్చింది. మరిచిపోయావా? సెమీఫైనల్ చూశావు కదా.

చూసిందేమో గానీ, ఆ మాటకు మేనకోడలు గ్లాసు కింద పెట్టేసింది. సెమీస్‌లో హంపికి ఎదురుపడింది చైనా క్రీడాకారిణి లే తింగ్‌జియె, టాప్ సీడు. క్లాసికల్ ఒకటీ ఒకటి. పదిహేను నిమిషాల ర్యాపిడ్లు కూడా సమానం. తర్వాత పది నిమిషాల ఆటలు. అందులో మొదటిది హంపి ఓడింది. ఇంకొకటి ఓడితే ఇంటికి. ఆ స్థితిలో రెండోది గెలిచి నిలబడింది. ఆపైన అయిదు నిమిషాల ఆటలు రెండూ గెలిచింది. రేటింగులో తనకన్నా పైనున్న మనిషిని, ఆట ఎంత వేగమైతే అంత బలంగా, 5-3తో దాటింది. ఆ రోజు మన తెలుగు ఇళ్ళల్లో ఎవరూ గడియారాన్ని తప్పు పట్టలేదు.

మావయ్య: అంతకుముందు క్వార్టర్స్‌లో హారిక ఓడింది కూడా దివ్య చేతిలోనే, ర్యాపిడ్లోనే. గుంటూరు పిల్ల ఒకరు, విజయవాడ పిల్ల ఒకరు. మధ్యలో తాన్ జోంగ్‌యీ, మాజీ ప్రపంచ విజేత. మొదట్లో రెండో సీడు జూ జీనర్. అందరూ దివ్యకన్నా పైవాళ్ళే. ఒక్కసారి పడితే అదృష్టం అను. ఇంతమందీ వరసగా పడ్డాక కూడా అదే మాటా?

మేనకోడలు: అదృష్టం అన్నమాట నేను అనలేదు. ఆమె రేటింగు ఆమె బలాన్ని ఇంకా చేరుకోలేదు, అంతే. అది నా లెక్కను కొట్టెయ్యదు. మీ వాదానికి కూడా అది పనికిరాదు.

మావయ్య: ఎందుకు పనికిరాదు?

మేనకోడలు: ఎందుకంటే మీరు ఒక్క ఆటను తీర్పు అంటున్నారు. దివ్యను నమ్మడానికి నాకు నలుగురు కావలసి వచ్చారు. మీరు కూడా ఇప్పుడు నలుగురి పేర్లు చదివారు. ఒక్క హంపితో ఆడిన ఆట ఒక్కటే ఉంటే మీరైనా ఇంత ధీమాగా చెప్పేవారా?

మావయ్య కాసేపు ఊరుకున్నారు. నాకు మాత్రం ఆ వాదం మొత్తంలో అన్నిటికన్నా నిజమైన మాట అదే అనిపించింది. ఆయన తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు. చివరకు ఒప్పుకున్నారు.

మావయ్య: ఒక్క ఆట చాలదు. అది నీ మాటే. అయితే ఆ పిల్లనూ ఆ అబ్బాయినీ మళ్ళీ కూర్చోబెట్టు. రంగులు మార్చి రెండు ఆటలు.

మేనకోడలు: నేనూ అదే అనుకుంటున్నాను. కానీ పదిహేను నిమిషాలు కాదు, ఇరవై అయిదు. ఈ వయసులో పిల్లలు ఎలాగూ ఉరుకుతారు. నేను వాళ్ళను ఇంకా ఉరికించను.

మావయ్య: నీ ఇష్టం. టీచరువి నువ్వు. కానీ ఒక్కటి చెప్పు. గడియారం అంటే నీకెందుకంత కోపం?

మేనకోడలు: ఆ చివరి పది సెకన్లు మీరెప్పుడైనా ఆడారా మావయ్యా? ఉన్న పదిహేను నిమిషాలూ కరిగిపోయాక, ఎత్తు వేసి గడియారం నొక్కితే పది సెకన్లు వస్తాయి. ఆ పదిలోనే అవతలి ఎత్తు చూడాలి, అర్థం చేసుకోవాలి, మన ఎత్తు వెతకాలి, పావు ఎత్తి గడిలో పెట్టాలి, పావును కదిపిన చేత్తోనే గడియారం నొక్కాలి. రెండో చెయ్యి వాడకూడదు. పావు పడిపోతే మన టైములోనే నిలబెట్టాలి. కంగారులో రాజుకు చెక్ ఉన్నది చూడకుండా వేరే పావు కదిపితే, మొదటిసారికి అవతలివాళ్ళకు రెండు నిమిషాలు కలుపుతారు, రెండోసారికి ఆట పోయినట్టే. ఎత్తులు కాగితం మీద రాసుకునే పని కూడా ఉండదు కాబట్టి తల ఎత్తి ఊపిరి పీల్చుకునే సాకు కూడా లేదు. అలా నలభై ఎత్తులు, యాభై ఎత్తులు. బతూమిలో రెండో ఆట చివర చూశారుగా. దివ్య ఒకసారి పట్టు జారవిడిచింది. హంపి దాదాపు ఒడ్డున పడింది. ఒడ్డున పడ్డాక జారింది. మూడు దశాబ్దాల ఆట ఉన్న మనిషి. ఆ స్థితిని గంట టైముతో ఇస్తే కళ్ళు మూసుకుని డ్రా చేస్తుంది. అది చూస్తుంటే నాకు చదరంగం చూస్తున్నట్టు అనిపించలేదు.

మావయ్య: నాకు అదే చదరంగం అనిపించింది. ఆ పది సెకన్లలో ఏ ఎత్తు తోస్తుంది? ముప్ఫై ఏళ్ళుగా లోపల పేరుకున్నదే తోస్తుంది. కొత్తగా లెక్కపెట్టి చూడ్డానికి సమయం ఉండదు కదా. ఒంట్లో ఇంకిన ఆట ఎంతుందో అప్పుడే బయటపడుతుంది. హంపి రెండుసార్లు ప్రపంచ ర్యాపిడ్ విజేత అయింది ఎలా? 2019లో మాస్కోలో, బిడ్డను కని రెండేళ్ళు ఆటకు దూరంగా ఉండి వచ్చి గెలిచింది. అప్పుడామె పదమూడో సీడు. లే తింగ్‌జియెతోనే ప్లేఆఫ్. మొదటి బ్లిట్జ్ ఓడింది, రెండోది గెలిచింది, డ్రా అయినా నల్లపావులదే గెలుపయ్యే ఆర్మగెడ్డన్‌లో నల్లపావులతో డ్రా చేసి కప్పు పట్టుకుంది. 2024లో న్యూయార్క్‌లో మొదటి రౌండే ఓడింది. అయినా పదకొండుకు ఎనిమిదిన్నర తెచ్చుకుని గెలిచింది. అక్కడా ఇదే పదిహేను నిమిషాలు, ఇవే పది సెకన్లు. ఆ గెలుపులు నువ్వు నమ్మావు. ఫోన్ చేసి మరీ చెప్పావు నాకు.

మేనకోడలు: నమ్మాను. ఎందుకంటే అవి ఒక్క ఆటలు కావు. మాస్కోలో పన్నెండు రౌండ్లు, న్యూయార్క్‌లో పదకొండు. ఒక తప్పు జరిగితే సరిదిద్దుకోవడానికి ఇంకో ఆట ఉంది. న్యూయార్క్‌లో మొదటి రౌండు ఓడిన మనిషి చివరికి విజేత. అదే నాకౌట్లో అయితే మొదటి రోజే సూట్‌కేసు సర్దుకోవాలి. నేను తప్పు పట్టేది ర్యాపిడ్‌ను కాదేమో. ఒక్క ఆటతో తలుపు మూసెయ్యడాన్ని.

మావయ్య: మరి తలుపు ఎప్పుడో ఒకప్పుడు ముయ్యాలి కదమ్మా. 1984లో కార్పోవ్, కాస్పరోవ్‌లను ఆరు గెలుపులు వచ్చేదాకా ఆడమన్నారు. సెప్టెంబర్లో మొదలుపెట్టి ఫిబ్రవరిదాకా ఆడారు. 48 ఆటలు, అందులో 40 డ్రాలు. ఎవరికీ ఆరు రాలేదు. చివరకు సమాఖ్య అధ్యక్షుడు వచ్చి ఫలితం లేకుండానే ఆపేశాడు. నీకు కావలసినంత టైము ఇచ్చారు, తీర్పు రాలేదు.

మేనకోడలు: నలభై ఎనిమిది ఎవరడిగారు? నాలుగు ఆడించమంటున్నాను. 2011లో టిరానాలో హంపి, హౌ యీఫాన్‌ల మధ్య ప్రపంచ ఛాంపియన్‌షిప్. పది ఆటల పోటీ, అన్నీ క్లాసికల్. ఎనిమిదికే అయిపోయింది. హౌ మూడు గెలిచింది, అయిదు డ్రా, హంపికి ఒక్క గెలుపు కూడా లేదు. నాకు అప్పుడు ఏడుపొచ్చింది. కానీ ఆ ఫలితం మీద ఒక్క అనుమానం కూడా రాలేదు. ఓడింది, అంతే అనుకున్నాను. 2008లో నాల్చిక్‌లో నాకౌట్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కు టాప్ సీడుగా వెళ్ళి, పద్నాలుగేళ్ళ ఆ హౌ చేతిలోనే సెమీస్‌లో టైబ్రేక్‌లో ఓడినప్పుడు మాత్రం అలా అనుకోలేకపోయాను. బతూమి కూడా అలాంటిదే.

మావయ్య: అయితే నాల్చిక్‌లో గెలిచిన ఆ పద్నాలుగేళ్ళ పిల్ల ఎవరైందో చూశావు కదా. మరుసటి టోర్నమెంటులో, 2010లో, ప్రపంచ విజేత. ఆ తర్వాత టిరానా. నువ్వు నమ్మని ఆ టైబ్రేక్ మూడేళ్ళ ముందే నిజం చెప్పింది. పుస్తకం చెప్పలేదు, గడియారం చెప్పింది.

ఈ మాటకు మేనకోడలి దగ్గర జవాబు లేదనుకున్నాను. వరంగల్ వైపు నుంచి వచ్చిన అర్జున్ ఎరిగైసి 2022 అక్టోబరులో, పందొమ్మిదేళ్ళప్పుడు, ఆన్‌లైన్ ర్యాపిడ్‌లో కార్ల్‌సన్‌ను ఓడించాడు. రెండేళ్ళు తిరిగేసరికి క్లాసికల్ రేటింగులో 2800 దాటాడు. అంకె కన్నా ముందు ర్యాపిడ్ ఆట పలికిన సందర్భాలు మనకు తెలిసినవే ఉన్నాయి. అన్నిసార్లూ అలా జరగదన్నదీ నిజమే. గెలిచి మళ్ళీ కనపడని కుర్రవాళ్ళ పేర్లు ఎవరూ రాసుకోరు. మేనకోడలు సరిగ్గా ఆ మాటే అందుకుంది.

మేనకోడలు: గెలిచి పైకొచ్చినవాళ్ళనే గుర్తు పెట్టుకుంటాం మావయ్యా. ఒక టైబ్రేక్ గెలిచి తర్వాత అక్కడే ఆగిపోయినవాళ్ళు ఎంతమందో! వాళ్ళ గురించి వసారాల్లో కూర్చుని ఎవరూ మాట్లాడుకోరు.

మావయ్య: అది ఒప్పుకుంటాను. కానీ ఓడినవాళ్ళు ఏమంటున్నారో కూడా చూడు. బతూమిలో అంత దెబ్బ తిన్న హంపి ఏం చేసింది? ఈ గడియారం నాకొద్దు అని ఇంట్లో కూర్చోలేదు. అయిదు నెలలు తిరక్కుండా, డిసెంబర్లో దోహాకు ప్రపంచ ర్యాపిడ్‌కు వెళ్ళింది. అదే పదిహేను నిమిషాలు. ఎదురుగా కూర్చున్నవాళ్ళలో తన వయసులో సగం ఉన్నవాళ్ళు ఎందరో. పదకొండుకు ఎనిమిదిన్నర తెచ్చుకుంది, అందరికన్నా పైన సమానంగా నిలబడింది. ఆ గడియారం మీద ఆమెకు లేని అనుమానం నీకెందుకు?

మేనకోడలు: దోహా మాటెత్తారు కాబట్టి చెబుతున్నాను. అక్కడ ఆమెను ఆపింది గడియారం కాదు. గొర్యాచ్‌కినా, జూ జీనర్, హంపి, ముగ్గురికీ ఎనిమిదిన్నరే. ఎవరెవరు ఎంత బలమైనవాళ్ళతో ఆడారన్న టైబ్రేక్ లెక్కలు తీశారు. ఆ లెక్కల్లో హంపి వెనకబడింది. మిగతా ఇద్దరూ స్వర్ణం కోసం ఆడుతుంటే, ఈమెకు కాంస్యం ఇచ్చి కూర్చోబెట్టారు. ఓడలేదు, ఆడనివ్వలేదు.

మావయ్య: లెక్కలు తీశారు. నీ పుస్తకమే కదా అది?

మేనకోడలు: నా పుస్తకమే. ఆ రాత్రి దాని మీద నాకు వచ్చినంత కోపం బతూమి గడియారం మీద కూడా రాలేదు. ముగ్గురినీ కూర్చోబెట్టి ఆడించి ఉంటే ఓడినా బాధపడేదాన్ని కాదు.

మావయ్య: అక్కడ ప్లేఆఫ్ ఆటలు మూడేసి నిమిషాలవి తల్లీ. పదిహేను కూడా కాదు.

మేనకోడలు: తెలుసు. మూడు నిమిషాలైనా సరే, ఆడనివ్వాల్సింది.